వంద చూపిస్తే మంచిదేనా?

(తెలుగు రేడియోలో శనివారం ఉదయం ప్రసారమైన ప్రసంగ పాఠం)



నేను పసిపిల్లల డాక్టర్ని. పసిపిల్లలంటే బడికెళ్ళే పిల్లలు కూడా కాదు, అప్పుడే పుట్టినవాళ్ళు. అందులోనూ నెలలు నిండకుండా పుట్టి, అరచేతిలో పట్టేంత ఉండేవాళ్ళు. ఒహాయోలో ఒక ఆసుపత్రిలో పాతికేళ్ళ పైనుంచీ ఇదే నా పని. ఈ కార్యక్రమం నడిపే మిత్రులు "ఆరోగ్యం గురించి ఏదైనా ఓ అరగంట మాట్లాడండి" అన్నారు. షుగరు గురించీ, కొలెస్టరాలు గురించీ మీరు ఇప్పటికే చాలా విని ఉంటారు. విని, ఆ తరవాత పూతరేకులు తిని కూడా ఉంటారు. అంచేత ఇవాళ నాకు బాగా తెలిసిన ఒక్క విషయమే చెబుతాను. పసిబిడ్డ ఒంట్లో ప్రాణవాయువు ఎంత ఉందో, సూది గుచ్చకుండా, చుక్క రక్తం తియ్యకుండా ఎలా తెలుసుకుంటాం అన్నది. వినడానికి యంత్రాల కథలా ఉంటుంది కానీ, నాకిది ఒక మనిషి అడిగిన ప్రశ్నకి జవాబు. ముందు ఆ మనిషి సంగతి చెప్పాలి.

1989లో నేను మన గోదావరి జిల్లాల వైపు ఒక ప్రభుత్వాసుపత్రిలో పిల్లల వార్డులో చదువుకుంటూ పనిచేస్తున్నాను. ఆసుపత్రి పేరు అనవసరం. ఒక రాత్రి ఏడో నెల గర్భిణి ఒకావిడ కాన్పయింది. బిడ్డ బరువు పన్నెండు వందల గ్రాములు. అప్పట్లో మా దగ్గర అంత చిన్న బిడ్డ బతకడం చాలా అరుదు. వెచ్చదనానికి బల్బు పెట్టిన చెక్క పెట్టె ఒకటీ, పసిబిడ్డ తల మీద బోర్లించే ప్లాస్టిక్ డబ్బా ఒకటీ, దానికో రబ్బరు గొట్టం, గొట్టానికి ఆ చివర ఆక్సిజన్ సిలిండరు. మా సరంజామా అంతా అదే. బిడ్డ నీలంగా ఉన్నాడు. సిలిండరు తిప్పాను. కాసేపటికి గులాబీ రంగుకి వచ్చాడు. ఆ క్షణంలో నాకు కలిగిన గర్వం ఇప్పటికీ గుర్తే.

నాలుగైదు రోజులకే బిడ్డ బాగా కుదుటపడ్డాడు. కానీ నాకు ఆక్సిజన్ తగ్గించాలంటే భయం. తగ్గిస్తే మళ్ళీ నీలమైపోతాడేమో! ఇస్తే నష్టం ఏముంది, గాలే కదా! అలా ఇరవై రెండు రోజులు ఉంచాను. నెలన్నర దాటాక తల్లి బిడ్డనెత్తుకుని ఇంటికెళ్ళింది. వాళ్ళ నాన్న వార్డంతా లడ్డూలు పంచాడు. నా పేరు రాసి, సంతకం పెట్టి డిశ్చార్జి చీటీ ఇచ్చాను.

2023 డిసెంబరులో మా ఊరెళ్ళినప్పుడు ఓ సాయంత్రం ఒకతను మా ఇంటికి వచ్చాడు. ముప్పై నాలుగేళ్ళుంటాయి. చేతిలో తెల్ల కర్ర. బ్యాంకులో ఉద్యోగం. కంప్యూటరు పైకి చదివి వినిపిస్తూ ఉంటే పనిచేసుకుంటాడట. జేబులోంచి ప్లాస్టిక్ కవరులో పెట్టిన ఒక కాయితం తీసి ఇచ్చాడు. అది నేను రాసిన డిశ్చార్జి చీటీ. వాళ్ళమ్మ ఇన్నేళ్ళూ దాచిందిట.

నేను "మీరు" అంటూంటే "నన్ను నువ్వు అనండి డాక్టరుగారూ, మీ చేతుల్లో బతికినవాణ్ణి" అన్నాడు. నాకు నోట మాట రాలేదు. ఎందుకంటే, ఆ కళ్ళు చూడగానే నాకు తెలిసిపోయింది. నెలలు నిండని బిడ్డలకి ఆక్సిజన్ ఎక్కువైతే కళ్ళు పోతాయని నేను పుస్తకంలో చదివాను. చదవడమేమిటి, పరీక్షలో రాశాను కూడా. అయినా వార్డులో చెయ్యి సిలిండరు వైపే వెళ్ళింది.

అతను కోపంగా ఏమీ అనలేదు. ఒక్కటే అడిగాడు. "అప్పట్లో ఎంత ఇవ్వాలో మీకెలా తెలిసేది? ఇప్పుడెలా తెలుస్తుంది?"

సరే, ఇక జవాబు చెబుతాను.

కడుపులో ఉన్న బిడ్డ చాలా తక్కువ ప్రాణవాయువుతో పెరుగుతుంది. కొండ శిఖరం మీద ఉన్నట్టు అంటారు మా వాళ్ళు. ఆ తక్కువలోనే కంటి వెనకాల ఉండే పొరకి రక్తనాళాలు ఒక్కొక్కటే అల్లుకుంటూ వస్తాయి. ఆ అల్లిక తొమ్మిదో నెలకి గానీ పూర్తికాదు. ఏడో నెలలో పుట్టిన బిడ్డకి అది సగంలో ఉంటుంది. అప్పుడు ఒక్కసారిగా ఆక్సిజన్ దండిగా అందితే, "ఇంక నాళాలతో పనేముంది" అన్నట్టు అల్లిక ఆగిపోతుంది. కొన్ని వారాలు పోయాక కంటికి ఆకలి పెరిగి, కొత్త నాళాలు అడ్డదిడ్డంగా పుట్టుకొచ్చి, లోపలి పొరని లాగి ఊడదీస్తాయి. పూర్తిగా ఊడితే చూపు పోయినట్టే.

ఈ జబ్బుని మొదటిసారి వర్ణించింది 1942లో బాస్టన్ కంటి వైద్యుడు థియొడోర్ టెర్రీ. ఆ తరవాత పదేళ్ళపాటు ధనిక దేశాల్లోనే, మంచి ఆసుపత్రుల్లోనే ఎక్కువగా కనిపించింది. బీద ఆసుపత్రుల్లో తక్కువ! కారణమేమిటంటే అక్కడ ఆక్సిజన్ ధారాళంగా ఇచ్చే స్తోమత లేదు. 1951లో మెల్‌బోర్న్‌లో కేట్ క్యాంప్‌బెల్ అనే డాక్టరమ్మ దీన్ని పట్టుకుని, ఆక్సిజనే కారణం కావచ్చన్నారు. తరవాత అమెరికాలో 18 ఆసుపత్రులు కలిసి పరీక్షించి అది నిజమేనని తేల్చాయి. అప్పటికి ప్రపంచంలో సుమారు పదివేల మంది పిల్లల చూపు పోయింది. 1950లో నెలలు నిండకుండా పుట్టిన గాయకుడు స్టీవీ వండర్ కూడా వాళ్ళలో ఒకరు.

తప్పు తెలిసింది కదా, ఇంక కథ సుఖాంతం అనుకుంటాం. అలా జరగలేదు. డాక్టర్లు బెదిరిపోయి ఆక్సిజన్‌ని గట్టిగా బిగించేశారు. గుడ్డితనం తగ్గింది, కానీ ఊపిరందక పోయే పిల్లలు పెరిగారు. ఒక్క బిడ్డ చూపు కాపాడినందుకు సుమారు పదహారు మంది ప్రాణాలు పోయి ఉంటాయని 1973లో బ్రిటన్‌లో కెన్నెత్ క్రాస్ లెక్కగట్టారు. అది అంచనాయే అయినా, ఎక్కువైతే కన్ను, తక్కువైతే ప్రాణం అన్న సంగతి అందరికీ అర్థమైంది. మధ్యనున్న దారి సన్నం. ఆ దారి కనబడాలంటే కొలత కావాలి.

మాకు ఆ రోజుల్లో కొలత ఏమిటంటే, కన్నే. నాలుక చూసేవాళ్ళం, పెదవి చూసేవాళ్ళం. కంటితో చూడడంలో ఇబ్బంది ఏమిటో చెబుతాను. రక్తంలో ఆక్సిజన్ బాగా పడిపోయేదాకా నీలం మన కంటికి ఆనదు. అది కింది వైపు సంగతి. పై వైపు ఇంకా ఘోరం. చాలినంత ఆక్సిజన్ ఉన్న బిడ్డా గులాబీ రంగే, దానికి మూడింతలు ఉన్న బిడ్డా అదే గులాబీ రంగే. నా బిడ్డ గులాబీ రంగులో ఉన్నాడని నేను మురిసిపోయిన ఆ ఇరవై రెండు రోజులూ, అతని రక్తంలో ఎంత ఉందో నాకు తెలిసే మార్గం లేదు.

రక్తం తీసి పరీక్ష చెయ్యచ్చు కదా అంటారు. చెయ్యచ్చు. ఇప్పటికీ చేస్తాం. కానీ కిలో బరువున్న బిడ్డ ఒంట్లో ఉండేదే ఓ తొంభై మిల్లీలీటర్ల రక్తం, అంటే చిన్న కాఫీ గ్లాసుడు. గంట గంటకీ తీస్తూ పోతే మిగిలేదేముంది? పైగా అది తీసిన ఆ క్షణం మాటే చెబుతుంది. ఐదు నిమిషాల తరవాత సంగతి దానికి తెలియదు.

1970లలో జర్మనీలో హూఖ్ దంపతులు చర్మం మీదనుంచే ఆక్సిజన్ కొలిచే పద్ధతి ఒకటి తీర్చిదిద్దారు. చిన్న బిళ్ళని 43, 44 డిగ్రీల దాకా వేడి చేసి ఒంటికి అతికిస్తే, ఆ వేడికి కింద రక్తం పొంగి, చర్మంలోంచి బయటికొచ్చే ఆక్సిజన్‌ని అది కొలుస్తుంది. బాగానే పనిచేసేది. కానీ కొన్ని గంటలకోసారి చోటు మార్చకపోతే ఆ లేత చర్మం కమిలిపోతుంది. ఒంటినిండా గుండ్రటి ఎర్ర మచ్చలతో ఉన్న పిల్లల్ని నేను ఇక్కడికొచ్చిన కొత్తలో చూశాను.

ఇక మీ అందరికీ తెలిసిన యంత్రం పల్స్ ఆక్సిమీటరు. కోవిడ్ రోజుల్లో ప్రతి ఇంటికీ ఒకటి వచ్చింది కదా, వేలికి పెట్టుకునే క్లిప్పు. దాన్ని కనిపెట్టింది జపాను ఇంజనీరు టకువో అయోయాగి. 1970ల మొదట్లో ఆయన అసలు ఈ పని మీద లేరు. చెవి గుండా కాంతి పంపి, రక్తంలో కలిపిన రంగు ఎంత త్వరగా పోతోందో చూసి, గుండె ఎంత రక్తం తోస్తోందో కొలవాలనుకున్నారు. నాడి కొట్టుకున్నప్పుడల్లా ఆయన గీత వణికేది. ఆ వణుకుని తీసెయ్యడానికి రెండు రకాల కాంతి వాడి చూశారు. ఆక్సిజన్ మారినప్పుడు ఆ వణుకు కూడా మారుతోందని అప్పుడు గమనించారు. పారెయ్యాలనుకున్న చెత్తలోనే ఆయనకి అసలు నిధి దొరికింది!

సూత్రం చాలా తేలిక. ఆక్సిజన్ నిండిన రక్తం ఎర్రగా మెరుస్తుంది, అంటే ఎర్ర కాంతిని ఎక్కువగా వదిలేస్తుంది. ఆక్సిజన్ ఖాళీ అయిన రక్తం ఎర్ర కాంతిని మింగేస్తుంది. మన కంటికి కనబడని పరారుణ కాంతి విషయంలో ఇది తిరగబడుతుంది. అంచేత 660 నానోమీటర్ల ఎర్ర కాంతీ, 940 నానోమీటర్ల పరారుణ కాంతీ మార్చి మార్చి పంపి, నాడితో పాటు వణికే భాగాన్ని మాత్రమే తీసుకుంటే, ధమనుల్లో వెళ్ళే రక్తంలో నూటికి ఎంత వంతు ఆక్సిజన్‌తో నిండి ఉందో తెలుస్తుంది. సూది లేదు, వేడి లేదు. పసిబిడ్డ పాదానికి మెత్తటి పట్టీలా చుడితే చాలు.

ఇక్కడ ఒక మాట జాగ్రత్తగా వినండి. మా వార్డుకి వచ్చే తాతయ్యలూ, అమ్మమ్మలూ తెర మీద అంకె చూసి "వంద చూపిస్తోంది, ఫస్ట్ క్లాసు!" అని సంతోషిస్తారు. మనవాళ్ళకి నూటికి నూరు అంటే ఉన్న మోజు మీకు తెలియంది కాదు. బిడ్డ మామూలు గాలి పీలుస్తూ వంద చూపిస్తే నిజంగా సంతోషమే. కానీ నెలలు నిండని బిడ్డ మనం ఇచ్చే ఆక్సిజన్ మీద ఉండి వంద చూపిస్తే, అది మాకు కంగారు. ఎందుకంటే నూరు దాటి కొలవడం ఆ యంత్రానికి రాదు. గ్లాసు నిండిందని చెప్పగలదు గానీ, నిండాక ఎంత పొర్లిపోతోందో చెప్పలేదు.

మరి ఎంత ఉంచాలి? దీనికోసం అమెరికా, బ్రిటన్, ఆస్ట్రేలియా, న్యూజీలాండు, కెనడా మొదలైన దేశాల్లో దాదాపు ఐదువేల మంది బిడ్డలతో పరీక్షలు జరిగాయి. సగం మందిని 85 నుంచి 89 మధ్య, సగం మందిని 91 నుంచి 95 మధ్య ఉంచడానికి ప్రయత్నించారు. అన్నిటినీ కలిపి 2018లో లెక్క ప్రకటించారు. తక్కువలో ఉంచినవాళ్ళలో కంటికి చికిత్స అవసరమైనవాళ్ళు నూటికి 11 మంది, ఎక్కువలో ఉంచినవాళ్ళలో 15 మంది. కానీ మరణాలు తక్కువలో ఉంచినవాళ్ళలో నూటికి 20, ఎక్కువలో 17. చూశారా, క్రాస్ చెప్పిన తక్కెడే మళ్ళీ! కంటికి చికిత్స ఉంది, ప్రాణానికి లేదు. అంచేత ఇప్పుడు చాలాచోట్ల 90, 95ల మధ్య ఉంచుతాం. 95 దాటితే అలారం మోగాలి. తల్లిదండ్రులకి ఆ మోత విసుగ్గా ఉంటుంది గానీ, నాకు మాత్రం అది 1989లో లేని మోత.

ఇంతటితో అయిపోతే ఈ ప్రసంగం ఇక్కడే ఆపేసేవాణ్ణి. పల్స్ ఆక్సిమీటరు చెప్పని సంగతి ఒకటుంది. రక్తం బయల్దేరేటప్పుడు ఆక్సిజన్‌తో నిండుగా ఉందని అది చెబుతుంది. అది చేరవలసిన చోటికి చేరిందా లేదా అన్నది చెప్పదు.

మన రైసు మిల్లు లెక్కలో చెబుతాను. మిల్లు గేటు దగ్గర ఒక గుమాస్తా కూర్చుని "వంద లారీలు వెళ్తే 95 లారీల్లో బియ్యం ఉన్నాయి" అని రాసుకుంటాడు. అదే పల్స్ ఆక్సిమీటరు. కానీ రోజుకి ఎన్ని లారీలు వెళ్ళాయి? దారిలో వంతెన కూలిందా? ఊళ్ళో జనం తిన్నారా? గుమాస్తాకి తెలియదు. ఇంకో మనిషిని ఆ ఊళ్ళోంచి తిరిగొచ్చే దారిలో నిలబెట్టాలి. తిరిగొచ్చే నూరు లారీల్లో 70 ఇంకా బరువుతోనే ఉన్నాయంటే, ఊరు 25 దింపుకుంది, నిబ్బరంగా ఉంది. తిరిగొచ్చేవాటిలో 45 మాత్రమే బరువుతో ఉన్నాయంటే, వచ్చే లారీలు తగ్గిపోయి, ఊరు దొరికినకాడికి గబగబా దింపేసుకుంటోందన్నమాట. గేటు దగ్గర అంకె రెండు రోజులూ 95 అనే ఉంటుంది!

ఆ రెండో మనిషే కణజాలపు ఆక్సిజన్ కొలిచే యంత్రం. దాని వెనక ఉన్న విషయం మీరు చిన్నప్పుడు చూసిందే. కరెంటు పోయినప్పుడు టార్చిలైటు మీద అరచెయ్యి పెట్టి, చెయ్యి ఎర్రగా వెలిగితే ఆడుకున్నాం కదా. తెల్ల కాంతి లోపలికెళ్తే ఎరుపే ఎందుకు బయటికొచ్చింది? మిగతా రంగుల్ని ఒళ్ళు మింగేసింది, ఎరుపుని మాత్రం పోనిచ్చింది. ఎరుపు దాటాక 700 నుంచి 900 నానోమీటర్ల దాకా ఉండే కాంతి ఇంకా లోతుకి పోతుంది. అది ఎముకని కూడా దాటుతుందని గ్రహించినవారు డ్యూక్ విశ్వవిద్యాలయంలో పనిచేసిన ఫ్రాన్స్ యోబ్సిస్. ఓ రోజు ఇంట్లో భోజనం దగ్గర మాంసంతో వచ్చిన పలచటి ఎముకని దీపానికి ఎదురుగా పెట్టి చూస్తే ఎర్రటి వెలుగు కనబడిందని ఆయనే తరవాత రాసుకున్నారు. 1977లో సైన్స్ పత్రికలో వ్యాసం ప్రచురించారు. 1985లో డ్యూక్‌లోనే జేన్ బ్రేజీ బృందం దీన్ని పసిబిడ్డల మెదడు మీద ప్రయోగించింది. మరుసటి ఏడాది లండన్‌లో యూనివర్సిటీ కాలేజీ వాళ్ళు కూడా చేశారు. పెద్దవాళ్ళ కన్నా పసిబిడ్డలే దీనికి అనువు. పుర్రె పలచన, తల చిన్నది, కాంతికి అడ్డు తక్కువ.

నుదుటి మీద చిన్న పట్టీ అతికిస్తాం. దాని ఒక చివర కాంతి. కొంత దూరంలో ఒక కన్ను, ఇంకొంచెం దూరంలో ఇంకో కన్ను. దగ్గరున్న కంటికి చర్మం దాటి వచ్చిన కాంతి అందుతుంది. దూరంగా ఉన్న కంటికి చర్మమూ, మెదడూ రెండూ దాటి వచ్చింది అందుతుంది. రెండోదాంట్లోంచి మొదటిది తీసేస్తే మెదడు సంగతి మిగులుతుంది. ఇది నాడి మీద ఆధారపడదు. అక్కడున్న రక్తం మొత్తాన్నీ చూస్తుంది. అందులో ముప్పాతిక వంతు తిరుగు దారిలో ఉన్న రక్తమే కనక, మెదడు వాడుకోగా ఎంత మిగిలిందో చెబుతుంది. పసిబిడ్డల్లో సాధారణంగా 55, 85ల మధ్య ఉంటుంది. ఇంకో పట్టీ వీపు మీద మూత్రపిండం దగ్గర పెడితే ఇంకా మంచిది. ఒంట్లో రక్తం చాలనప్పుడు శరీరం మెదడుకి పంపించి మిగతావాటిని మాడుస్తుంది. పిల్లలకి పెట్టి తను పస్తుండే తల్లిలాగ. అంచేత ఆపద ముందు వీపు మీది అంకెలో కనబడుతుంది.

దీని ఉపయోగం నేను కళ్ళారా చూసిన రాత్రి ఒకటి చెబుతాను. 26 వారాల బిడ్డ. వెంటిలేటరు మీద ఉంది. పాదం దగ్గర 94. గుండె బాగానే కొట్టుకుంటోంది. రక్తపోటు బాగానే ఉంది. నుదుటి మీది అంకె మాత్రం 70 నుంచి మెల్లిగా 65, 58, 52కి జారింది. నర్సు పిలిస్తే వెళ్ళి రక్తం పరీక్ష చేయిస్తే, బొగ్గుపులుసు వాయువు మరీ తగ్గిపోయి ఉంది. బిడ్డ ఊపిరితిత్తులు మందుకి బాగుపడ్డాయి, వెంటిలేటరు మాత్రం పాత జోరులోనే ఊదుతోంది. ఆ వాయువు మరీ తగ్గితే మెదడు రక్తనాళాలు ముడుచుకుపోతాయి. వెంటిలేటరు జోరు తగ్గించాం. అరగంటలో అంకె మళ్ళీ 68కి వచ్చింది. గేటు దగ్గర గుమాస్తాని మాత్రమే నమ్ముకుని ఉంటే ఆ రాత్రి మేం హాయిగా కాఫీ తాగుతూ ఉండేవాళ్ళం.

అయితే, ఇన్నేళ్ళ తరవాత మళ్ళీ యంత్రం చూసి మురిసిపోవడం నాకు తగదు. అందుకని మిగతా సగం కూడా చెప్పాలి. ఈ పట్టీ పెట్టి చూసుకుంటూ చికిత్స చేస్తే పిల్లలు ఎక్కువమంది బతుకుతారా? మెదడు దెబ్బతినకుండా ఉంటుందా? 28 వారాల లోపు పుట్టిన 1601 మంది బిడ్డలతో 17 దేశాల్లోని 70 ఆసుపత్రుల్లో దీన్ని పరీక్షించి 2023లో ఫలితం చెప్పారు. పట్టీ చూసి చికిత్స చేసినవాళ్ళలో మరణమో, తీవ్రమైన మెదడు దెబ్బో కలిగింది నూటికి 35 మందికి. మామూలు చికిత్సలో 34 మందికి. అంటే తేడా లేదు. అంతకు ముందు 2015లో 166 మందితో జరిగిన చిన్న పరీక్షలో, పట్టీ వల్ల మెదడుకి ఆక్సిజన్ చాలని సమయం సగానికన్నా తగ్గిందని తేలింది. అంకె బాగుపడింది గానీ పిల్లల రాత మారలేదు. చూడడం ఒకటి, చూశాక ఏం చెయ్యాలో తెలియడం ఇంకొకటి. రెండోది మేమింకా నేర్చుకుంటున్నాం. గుండె ఆపరేషను అయిన పిల్లల దగ్గరా, మా వార్డులో కష్టంలో ఉన్న పిల్లల దగ్గరా ఈ పట్టీ వాడుతూనే ఉన్నాం. కానీ దాన్ని దేవుడని అనుకోవడం లేదు.

ఇక మన ఇళ్ళకి సంబంధించిన మాటలు నాలుగు.

ఒకటి. మన ఒంటి రంగు. చర్మం ముదురు రంగులో ఉన్నవాళ్ళలో పల్స్ ఆక్సిమీటరు ఉన్నదానికన్నా ఎక్కువ చూపించే అవకాశం ఉందని 2020లో పెద్దవాళ్ళ మీద వచ్చిన ఒక పరిశీలన గట్టిగా చెప్పింది. రక్తపరీక్షలో ఆక్సిజన్ తక్కువగా ఉన్నా క్లిప్పు బాగుందని చెప్పిన సందర్భాలు నల్లవాళ్ళలో తెల్లవాళ్ళకన్నా సుమారు మూడింతలు. అమెరికా ప్రభుత్వ సంస్థ ఎఫ్.డి.ఎ. 2025 జనవరిలో, ఈ యంత్రాలని అన్ని రంగుల చర్మాల మీదా పరీక్షించాలంటూ ముసాయిదా నియమాలు వెలువరించింది. అంచేత అంకె బాగున్నా మనిషి ఆయాసపడుతుంటే మనిషినే నమ్మండి.

రెండు. సీమంతానికి ఈ మధ్య పసిబిడ్డ కాలికి తొడిగే ఆక్సిజన్ మేజోళ్ళు కానుకగా ఇస్తున్నారు. ఆరోగ్యంగా పుట్టిన బిడ్డకి అవి తొడిగితే నిద్రలో హఠాత్తుగా వచ్చే మరణం తప్పుతుందని రుజువు లేదు. అందుకోసమని వాటిని నమ్ముకోవద్దని ఇక్కడి పిల్లల వైద్యుల సంఘం కూడా చెబుతోంది. బిడ్డని వెల్లకిలా, విడిగా, గట్టి పరుపు మీద పడుకోబెట్టండి. దానికి డబ్బు ఖర్చు లేదు.

మూడు. ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చుకునే ముందు, పుట్టి ఇరవై నాలుగు గంటలు దాటాక, బిడ్డ కుడిచేతికీ ఒక పాదానికీ ఆక్సిమీటరు పెట్టి చూస్తారు. పైకి కనబడని గుండె జబ్బుల్ని పట్టుకోవడానికి ఇది. అమెరికాలో 2011లో దీన్ని అందరు బిడ్డలకీ చెయ్యమని సిఫారసు చేశారు. ఇండియాలో మీ చెల్లెలో, వదినో కాన్పయితే, అక్కడ చేశారో లేదో అడగండి. రెండు నిమిషాల పని.

నాలుగు, అన్నిటికన్నా ముఖ్యం. ఇండియాలో మీ చుట్టాలింట్లో ఎవరికైనా నెలలు నిండకుండా బిడ్డ పుడితే, 34 వారాల లోపు గానీ, రెండు కిలోల లోపు గానీ అయితే, ముప్పై రోజుల లోపు కంటి డాక్టరు చేత లోపలి పొర పరీక్ష చేయించమని ఫోను చేసి చెప్పండి. మరీ చిన్న బిడ్డయితే రెండు మూడు వారాలకే. ఈ జబ్బు పైకి ఏమీ కనబడదు. తల్లికి తెలిసేసరికి ఆలస్యమైపోతుంది. సమయానికి పట్టుకుంటే లేజరుతోనో, మందుతోనో చూపు నిలబెట్టవచ్చు. హైదరాబాదులో ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రి లాంటి చోట్ల ఇందుకోసమే ప్రత్యేక విభాగాలున్నాయి. బారసాలకి బంగారం పంపిస్తాం కదా, దానికన్నా ముందు ఈ ఒక్క ఫోను చెయ్యండి.

ఆ సాయంత్రం నేను ఆ అబ్బాయికి ఇంత వివరంగా చెప్పలేకపోయాను. నిజం మాత్రం చెప్పాను. "నువ్వు నెలలు నిండకుండా పుట్టడం ఒక కారణం, నేను ఆక్సిజన్ కొలవకుండా ఇవ్వడం ఇంకో కారణం. మొదటి రోజుల్లో ఇవ్వకపోతే నువ్వు బతికేవాడివి కాదు. తరవాత అన్ని రోజులు ఇవ్వక్కర్లేదు. నీ కళ్ళు ఎవరికీ చూపించమని కూడా చెప్పలేదు. క్షమించమని అడగడానికి కూడా నాకు మొహం లేదు" అన్నాను. అతను కొంచెం సేపు ఊరుకుని, "ఈ మాట మా అమ్మకి చెబుతారా?" అన్నాడు. తనే ఫోను కలిపి ఇచ్చాడు.

ఎందుకో అప్పుడు తెలిసింది. ఏడో నెలలో ఆవిడ బస్సెక్కి పుట్టింటికి వెళ్ళిందట. దారంతా గతుకులు. అందుకే కాన్పు ముందొచ్చిందనీ, అందుకే పిల్లాడికి కళ్ళు రాలేదనీ అత్తగారు ఇన్నేళ్ళూ అంటూనే ఉందట. అని అని, ఆవిడ కూడా అదే నమ్మింది.

"బస్సు వల్ల కాదమ్మా" అన్నాను. "మామూలు బస్సు ప్రయాణం వల్ల కాన్పు ముందొస్తుందని ఎక్కడా రుజువు లేదు. కళ్ళ సంగతి అసలే కాదు. అది నేను ఆక్సిజన్ కొలవలేకపోవడం వల్ల."

అవతల చాలాసేపు చప్పుడు లేదు. నన్ను తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండునని కూడా అనుకున్నాను. చివరికి ఆవిడ "మా అత్తగారు పోయి తొమ్మిదేళ్ళయింది బాబుగారూ. ఈ మాట అప్పుడు చెప్పుంటే బాగుండేది" అంది.

అంతే. ఇంకేమీ అనలేదు.

ఇప్పుడు నేను రాత్రి డ్యూటీలో ఉన్నప్పుడు, అందరు పిల్లల దగ్గరికీ ఒకసారి వెళ్తాను. కింది అలారం నర్సులందరూ చూసుకుంటారు, దానికి భయం ఎక్కువ. నేను పై అలారం చూస్తాను. ఎవరైనా మోత భరించలేక దాన్ని వందకి జరిపేస్తే, మళ్ళీ 95కి తెచ్చి పెడతాను. కొత్తగా చేరిన డాక్టర్లు ఇదేమి చాదస్తం అనుకుంటారు. అనుకోనివ్వండి.

 ఆ ఫోను చెయ్యడం మరిచిపోకండి. సెలవు.